‘తప్పదు’ అని రాయకు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ చదివాను. తండ్రి దేవరకొండ బస్సెక్కితే డోరు పక్క సీటే ఎందుకు వెతుక్కుంటాడో కొడుక్కి చివరిదాకా అర్థం కాదు చూడు, అది నాకు నచ్చింది. ఆ తర్వాతి పేజీకే కోపమొచ్చింది.

హైదరాబాద్ డాక్టరు "మీ నాయన జీనే నీకూ వచ్చింది, ప్రొస్టేట్ క్యాన్సర్ తప్పదు" అంటాడా? వెంటనే కొడుకు సాగర్ కట్ట మీద కూర్చొని ఏడుస్తాడా? తలరాతకే జీన్ అనే కొత్త చొక్కా తొడిగావు. తండ్రికో అన్నదమ్ములకో ఉంటే ముప్పు దాదాపు రెండింతలవుతుంది. అంతేగానీ రాసిపెట్టినట్టు కాదు. 2006లో ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఈ ముప్పు పెంచే ఒకచోటు పట్టుకున్నారు. తర్వాత ఇంకా వందల తేడాలు దొరికాయి. ఒక్కోటి పెంచే ముప్పు పిసరంత. బీఆర్‌సీఏ2 అనే జీన్‌లో చెడు మార్పుంటే ముప్పు బాగా పెరుగుతుంది. అయినా అది ఉన్న ప్రతి మగవాడికీ జబ్బు రాదు. రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవడమూ క్యాన్సరే కానక్కర్లేదు, వయసుతో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బినా అంతే. కథ నిలబడేది ఈ ‘ఏమో’ మీద. ‘తప్పదు’ అన్నావా, ఇక పాఠకుడికి పనేముంది?

నా కథలో ఒక ముసలాయన రాత్రంతా వాకిట్లోకి తిరుగుతుంటాడు. కుటుంబ పాఠకులు చదవరని ఓ సంపాదకుడు ఆ సీనే కొట్టేశాడు. కాళ్లనొప్పులు మాత్రం ఉంచాడు. నల్లగొండోళ్లమంటే వాళ్లకు ఫ్లోరైడ్ కథే కావాలె మరి! ఇప్పుడేమో సైన్సు ఫ్యాషన్. ఒక ఇంగ్లీషు రిపోర్టు పెడితే చాలు, అచ్చు.

నీ అసలు కథ రెండో పేరాలోనే ఉంది. చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్‌తో పోయిన మేనత్తను ఒక్క వాక్యంలో సాగనంపావు. బీఆర్‌సీఏ2 మార్పు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పునూ పెంచుతుంది. అన్నాచెల్లెళ్లిద్దరికీ అదే ఉండి ఉంటే? ఆ మేనత్త బిడ్డనే కదా నీ హీరో చేసుకున్నది! తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అంటే రక్తపరీక్ష ఇద్దరికీ కావాలి. ఆ మాట ఇంట్లో ఎవరెత్తుతారు? పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి ముఖమెట్లుంటుంది? అది రాయి. డాక్టర్‌ని తగ్గించు, కట్ట మీది ఏడుపు తీసెయ్.

తిరగరాసినంక పోస్టులో పంపు. వాట్సాప్‌లో అక్షరాలు నా కండ్లకు ఆనడం లేదు.

నీ
అన్న