గోడౌన్ లీజుపై సంతకం పెట్టేముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. గోడౌన్ లీజు డ్రాఫ్టు చదివాను. అద్దె, అడ్వాన్సు సంగతి నువ్వు బాగానే చూసుకున్నావు. ఐదో క్లాజును మాత్రం అలవాటు మాటలే కదా అని దాటేసినట్టున్నావు. నీ గోడౌన్ అద్దెకు తీసుకునే కంపెనీ చట్టప్రకారం ఏర్పడిందని, ఇప్పటికీ మనుగడలో ఉందని, సంతకం చేసేవారికి తగిన అధికారం ఉందని అందులో రాశారు. అదంతా వాళ్ళు చెబుతున్న మాటే. నిజమో కాదో మనమే చూసుకోవాలి.

వాళ్ళు పంపిన ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ చాలదు. జనన ధ్రువపత్రం చూసి మనిషి బతికే ఉన్నాడని చెప్పలేం కదా. లెటర్‌హెడ్‌పై అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 21 ఉండే సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు సంఖ్య, ఉంటుంది. దాన్ని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో కొట్టి చూడు. 'యాక్టివ్' అని ఉండాలి. 'స్ట్రైక్ ఆఫ్' అని ఉంటే రిజిస్టర్ నుంచి పేరు కొట్టేశారన్నమాట. దివాలా ప్రక్రియ మొదలైందని ఉన్నా ఆగిపో. అప్పుడు డైరెక్టర్ల బోర్డు అధికారాలు ఆ ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తాయి, డైరెక్టరు సంతకం పనికిరాదు.

తరువాత బోర్డు తీర్మానం సర్టిఫైడ్ కాపీ అడుగు. డైరెక్టరు అయినంత మాత్రాన ఒక్కడే కంపెనీని ఒప్పందానికి కట్టుబడేలా చేయలేడు. ఆ కాగితం నిదానంగా చదువు. మన గోడౌన్ లీజు ప్రస్తావన ఉందా? సంతకం చేసే మనిషి పేరే ఉందా? మూడేళ్ళ గడువుకు, ఇంత అద్దెకు ఒప్పుకునే అధికారం ఇచ్చారా? తేదీ ఒప్పందం కంటే ముందుదేనా? 'ఆథరైజ్డ్ సిగ్నేటరీ' (సంతకం చేసే అధికారం ఉన్నవారు) అన్న రబ్బరు ముద్ర చూసి మురిసిపోకు. అది ఏ స్టాంపుల దుకాణంలోనైనా చేసిస్తారు.

కంపెనీ లోపలి పద్ధతులు సరిగ్గా జరిగాయని బయటివాళ్ళు నమ్మవచ్చన్న సూత్రం ఒకటుంది, 1856 నాటి ఇంగ్లండ్ తీర్పు నుంచి వచ్చింది. మన కోర్టులూ పాటిస్తాయి. కానీ అనుమానించాల్సినది కళ్ళెదుటే ఉన్నా అడగనివారిని అది కాపాడదు.

మరి ఆ ఐదో క్లాజు ఎందుకంటావా? మనకు కనబడనివాటి కోసం. ఈ లీజు వాళ్ళ బ్యాంకు రుణ షరతులకు విరుద్ధమేమో మనకెలా తెలుస్తుంది? ఆ క్లాజులో వాళ్ళు చెప్పింది అబద్ధమని తేలితే లీజు రద్దు చేసుకొని నష్టపరిహారం అడగవచ్చని కలిపి రాయించు. ఈ హామీలు సంతకం రోజుకే కాక లీజు ఉన్నంతకాలం వర్తిస్తాయని కూడా.

ఇంకో మాట. అదే క్లాజులో నువ్వూ ఆస్తిపై పూర్తి హక్కు నీదేనని రాసిస్తున్నావు. స్థలం తమ్ముడి పేరున కూడా ఉంది కదా, వాడి సంతకం లేకుండా ఆ మాట ఎలా రాస్తావు? ముందు వాడితో మాట్లాడు.

మూడేళ్ళ లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కంపెనీ తరఫున వచ్చినవాళ్ళు ఎలాగూ అధికారపత్రం చూపాలి. అందుకే తీర్మానం కాపీ ఇప్పుడే ఇమ్మని మొహమాటపడకుండా అడుగు. రాగానే నాకు వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న