ముందు ఫోటో వెనక్కి తిప్పు

అమ్మాయీ,

నీ సినిమా ఫోటోల సేకరణ మీద రాసి పంపిన పన్నెండు పేజీల వ్యాసమూ, నాలుగు ఫోటోల స్కాన్లూ అందాయి. జవాబుకి మూడు వారాలు పట్టింది. కంటి ఆపరేషన్ అయిందని వంక పెట్టొచ్చు గానీ, నిజం అది కాదు. నీ వ్యాసం చదువుతుంటే ఆ సినిమా మళ్లీ చూడాలనిపించింది. చూశాక నీ వ్యాసం మీద కోపం వచ్చింది. కోపం చల్లారాక రాస్తున్నాను.

మొదటి రెండున్నర పేజీల్లో ‘దోజ్ మాగ్నిఫిసెంట్ మెన్ ఇన్ దెయిర్ ఫ్లయింగ్ మెషీన్స్’ సినిమా కథంతా చెప్పేశావు. 1910లో లార్డ్ రాన్‌స్లీ అనే పత్రికాధిపతి లండన్ నుంచి పారిస్‌కి విమానాల పందెం పెట్టడం, పది వేల పౌన్ల బహుమతి, దేశదేశాల నుంచీ మహానుభావులు దిగడం, సర్ పెర్సీ కుట్రలు, ఏదీ వదల్లేదు. సినిమా చూసినవాడికి అది అక్కర్లేదు. చూడనివాడికి చూసే మజా పోయింది. ఆ రెండున్నర పేజీలూ కొట్టేశాను.

నీ వ్యాసం అసలు మొదలయ్యేది మూడో పేజీ అడుగున. ‘కవరు చించగానే ఫోటో వంకర తిరిగి చుట్టుకుపోయింది. వెనక అంటించిన కాగితం ముక్క ఊడి నా ఒళ్లో పడింది.’ అక్కడ నేను నిటారుగా కూర్చున్నాను. కానీ నువ్వు ఆ ముక్కని పక్కన పెట్టి, వెంటనే సర్ పెర్సీ మీసాల గురించి ఎత్తుకున్నావు. ఆ వేషం వేసిన టెర్రీ-థామస్ మీసాలూ, సందున్న ముందు పళ్లూ ప్రపంచమంతా చూసింది. ఆ కాగితం ముక్కని చూసింది నువ్వొక్కదానివే.

ఆ వంకరకి కారణం తెలుసా? నువ్వు ఊరికే వర్ణన కోసం రాసినట్టున్నావు గానీ, అది సాక్ష్యం. సినిమా 1965లో వచ్చింది. అప్పటి ఫోటో కాగితం నిజంగా కాగితమే, ఫైబర్ కాగితం. గాలిలో తేమ మారితే వంగుతుంది. రెండు పక్కలా ప్లాస్టిక్ పూత ఉండే ఆర్‌సీ కాగితం వాడకంలోకి వచ్చింది 1970ల మొదట్లో. అది బల్ల మీద పెడితే బుద్ధిగా పడుకుంటుంది. ‘1965 నాటి ఒరిజినల్’ అని అమ్మిన ఫోటో చేతికి ప్లాస్టిక్‌లా జారుతుంటే, అది తర్వాతెప్పుడో తీసిన ప్రింటు. నీ రెండో ఫోటో చుట్టుకుపోయి తన వయసు తానే చెప్పింది. నువ్వు వినలేదు.

ఇక ఆ కాగితం ముక్క. స్టిల్స్, అంటే సినిమా ప్రచారానికి తీసే ఫోటోలు, సేకరించేవాళ్లు దాన్ని స్నైప్ అంటారు. సినిమా కంపెనీ పబ్లిసిటీ వాళ్లు నాలుగు వాక్యాలు టైపు చేసి, ఫోటో వెనక అంటించి పత్రికలకు పంపేవాళ్లు. నేను పత్రికలో డెస్కు మీద ఉన్న రోజుల్లో మద్రాసు నుంచి వచ్చే స్టిల్స్‌కీ అలాంటి చీటీ ఉండేది. అది చింపి చదివేసి, ఫోటో వెనకే ‘2 కాలమ్, మనిషి వరకు చాలు’ అని రాసి అచ్చు బ్లాకు చేయించడానికి పంపేవాణ్ణి. ఒకసారి బాల్ పాయింట్ పెన్నుతో ఎంత నొక్కి రాశానంటే, అచ్చులో హీరోయిన్ బుగ్గ మీద నా ‘2’ తిరగబడి కనిపించింది. మా ఎడిటర్ గారు ఏమీ అనలేదు. మర్నాడు నా బల్ల మీద ఒక మెత్తటి పెన్సిలు పెట్టి వెళ్లారు.

నీ ఫోటో వెనక కూడా నీలం పెన్సిలుతో ఏవో గీతలున్నాయి, ఒక మూల ఏదో అంకె ఉంది. ఎవరో ఒక సబ్ ఎడిటర్ ఏదో ఒక రాత్రి ఈ ఫోటోని ఎంత వెడల్పులో వేయాలో కొలిచాడు. సర్ పెర్సీని ఉంచి, పక్కనున్న అతని నౌకరు కోర్ట్‌నీని కత్తిరించమన్నాడు. పాపం, ఆ నౌకరు వేషం వేసిన ఎరిక్ సైక్స్! నీ వ్యాసంలో ఒక పేజీ రావాల్సింది దీని గురించి. ముందు వైపు నుంచి మొదలుపెడితే సినిమా గురించి రాస్తావు. వెనక నుంచి మొదలుపెడితే ఫోటో గురించి రాస్తావు. నువ్వు సేకరిస్తున్నది ఫోటోలు.

ఇంకో పొరపాటు, ఇది నేనూ చేసిందే కాబట్టి ఎక్కువ తిట్టను. ప్రతి స్టిల్ కిందా ‘ఈ దృశ్యంలో’ అని మొదలుపెట్టావు. స్టిల్ అంటే ఫిల్మ్‌లోంచి కోసిన ముక్క కాదమ్మా. షూటింగులో స్టిల్ ఫోటోగ్రాఫర్ వేరే ఉంటాడు, అతని కెమెరా వేరే. రిహార్సల్లో తీస్తాడు, షాట్ అయ్యాక ‘ఒక్క నిమిషం అలాగే ఉండండి సార్’ అని నిలబెట్టి తీస్తాడు. తర్వాత ఎడిటింగులో ఆ సీనే ఎగిరిపోవచ్చు, ఫోటో మాత్రం ఊళ్లన్నీ తిరుగుతుంది. వెనకటికి నేనొక పాత తెలుగు హాస్య సినిమా మీద రాస్తూ, కేవలం స్టిల్ చూసి, హీరో ఎడ్లబండి మీద తలకిందులుగా కూర్చునే సీను గురించి అరపేజీ రాశాను. దాని టైమింగ్ కూడా మెచ్చుకున్నాను. గుంటూరు నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు: ‘అయ్యా, ఈ చిత్రం పదిహేడు పర్యాయములు చూచితిని. తాము చెప్పిన సన్నివేశము ఏ ఆటలో వేసినారో తెలుపగలరు.’ ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. సినిమాలో వెతికి చూశాకే ‘దృశ్యం’ అను. దొరక్కపోతే ‘ఫోటోలో’ అని రాయి.

ఈ సినిమా విషయంలో పేర్ల దగ్గర జాగ్రత్త మరీ అవసరం. అందులో ఎగిరినవి బొమ్మలు కావు. దర్శకుడు కెన్ అనాకిన్ పాత నమూనాలను బట్టి ఇరవై దాకా విమానాలు చేయించాడు. సలహాదారు ఎయిర్ కమొడోర్ అలెన్ వీలర్. ఆ తయారీ మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు, అదీ 1965లోనే. సంపాదించి చదువు, సినిమా కథ కంటే పనికొస్తుంది. అమెరికా వాడు ఆర్విల్ న్యూటన్ నడిపే ‘ఫీనిక్స్ ఫ్లయర్’ నిజానికి బ్రిస్టల్ బాక్స్‌కైట్ అనే పాత విమానానికి నమూనా. సర్ పెర్సీది ఆవ్రో ట్రైప్లేన్, మూడు వరసల రెక్కలది. నీ మూడో ఫోటోకి ‘జర్మన్ విమానమూ జపాన్ విమానమూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు దేశాల తేడా తెలుస్తుంది’ అని పెద్ద వ్యాఖ్యానం చేశావు. నవ్వాపుకోలేకపోయాను. ఎగిరిన యంత్రం రెండింటికీ ఒకటే, ఎయర్డ్‌లీ బిల్లింగ్ బైప్లేన్, రెండు వరసల రెక్కలది. జపాన్ వాడి కోసం రెక్కల మధ్య కొన్ని తెరలు అదనంగా కట్టి, ఒంటికి గుడ్డ తొడిగి వేషం మార్చారు. మన నాటకాల్లో ఒకే మనిషి మొదటి అంకంలో మంత్రిగా, మూడో అంకంలో మునిగా వచ్చినట్టు. ఇది తెలిశాక ఆ ఫోటో నీకు ఇంకా బాగా పనికొస్తుంది చూడు.

నాలుగో ఫోటో దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరంలో సగం దాని కోసమే.

అమ్మినవాడు ‘1910 నాటి అసలు విమానం, అసలు ఫోటో’ అన్నాడని రాశావు. నువ్వు నమ్మి, దాని మీద కవిత్వం కూడా చెప్పావు. సినిమా స్టిల్స్‌ని అంచులు కత్తిరించి, పసుపు రంగు పట్టించి పాత చరిత్రగా అమ్మేయడం కొత్తేం కాదు. రెండు పనులు చెయ్యి. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చి కిరాణా కొట్లోనూ ఉంటుంది, అడిగి తెచ్చుకో. చీకటి గదిలో ఫోటో తెల్లటి అంచు మీద వెయ్యి. నీలంగా మెరిస్తే ఆ కాగితంలో తెలుపు పెంచే మందు కలిపారన్నమాట. ఆ మందు కాగితాల్లోకి వచ్చింది 1950లలో. కాబట్టి మెరిసిన ఫోటో 1910లో అచ్చయింది కాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మెరవకపోతే పాతదని రుజువైనట్టు కాదు. ఆ మందు లేని కాగితం తర్వాతా వచ్చింది. టార్చి అబద్ధాన్ని పట్టిస్తుందే గానీ నిజాన్ని చెప్పదు.

రెండోది, భూతద్దం పెట్టి ఇంజన్ చూడు. నీ ఫోటోలోది బాక్స్‌కైట్ కదా, దానికి ఇంజన్ పైలట్ వెనకాల ఉంటుంది. అసలు బాక్స్‌కైట్‌కి నోమ్ రోటరీ ఇంజన్ వాడేవాళ్లు. సిలిండర్లు పువ్వు రేకుల్లా గుండ్రంగా ఉంటాయి, ప్రొపెల్లర్‌తో పాటు ఇంజన్ మొత్తం తిరుగుతుంది. సినిమా కోసం చేసినదానికి పెట్టింది కాంటినెంటల్ ఇంజన్. దాని సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి. నీ స్కాన్‌లో ఆ చోట ఒక నల్లటి మచ్చ మాత్రమే కనిపిస్తోంది. నాకు అనుమానం గట్టిగానే ఉంది, కానీ స్కాన్ చూసి తీర్పు చెప్పే వయసు దాటిపోయాను.

నీడలు కూడా గమనించు. అంత బలహీనమైన యంత్రాలు గాలి వీస్తే నిలవలేవు కాబట్టి, ఎగిరే షాట్లు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీశారు. బకింగ్‌హామ్‌షైర్‌లో బుకర్ అనే విమానాశ్రయంలోనే సినిమాలోని ‘బ్రూక్లీ’ విమానాల మైదానం సెట్టు వేశారు. గడ్డి మీద నీడ పొడుగ్గా సాగి ఉంటే ఆ ఫోటో నీకు వేళ చెబుతున్నట్టు.

నీ వ్యాసంలో బొత్తిగా లేనిది ఒకటుంది. ఫ్రెంచి వాడు పియెర్ నడిపే ఆ బుల్లి విమానం, డెమొయిజెల్. శాంటోస్-డ్యూమాంట్ అనే తొలినాటి వైమానికుడు తన కోసం చేసుకున్న విమానానికి నమూనా అది. ఆయన పిట్టంత మనిషి. సినిమా కోసం తయారు చేశాక మగ పైలట్లు ఎక్కితే అది సరిగ్గా లేవలేదు. అప్పుడు జోన్ హ్యూస్‌ని పిలిచారు. 1940 జనవరిలో ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీలో, అంటే బ్రిటన్ యుద్ధవిమానాలను చేరవేసే సంస్థలో, చేరిన మొదటి ఎనిమిది మంది మహిళా పైలట్లలో అందరికంటే చిన్నది ఆవిడ. యుద్ధకాలంలో నాలుగింజన్ల స్టర్లింగ్ బాంబర్లు నడిపి అప్పగించిన మనిషి. షూటింగు నాటికి నలభై అయిదు దాటాయి. ఆవిడ కూర్చుంటే డెమొయిజెల్ లేచింది. తెర మీద ఫ్రెంచి రసికుడు, గాల్లో మాత్రం ఈవిడ! ఎగురుతున్న డెమొయిజెల్ స్టిల్ ఎక్కడైనా దొరికితే, నీ బడ్జెట్ దాటినా కొను. డబ్బు సర్దాల్సి వస్తే నన్నడుగు.

చిన్న చిన్నవి త్వరగా చెప్పేస్తాను. థియేటర్ లాబీలో పెట్టే ప్రచార కార్డుల్నే లాబీ కార్డులంటారు, అన్నింటినీ అలా అనకు. అమెరికా లాబీ కార్డు 11 అంగుళాలకి 14, సెట్టుకి ఎనిమిది. కింది అంచున 65 అనీ, గీత అనీ, అంకె అనీ ఉంటుంది, మొదటిది సంవత్సరం. ఇంగ్లండులో థియేటర్ బయట పెట్టేవి 8కి 10, వాటిని ఫ్రంట్ ఆఫ్ హౌస్ స్టిల్స్ అంటారు. జిగురు పూసిన ఆల్బమ్‌లో పెట్టొద్దు, మీ విశాఖ తేమకి అద్దం కిందా బిగించొద్దు. ఫోటో కొన్నంత మాత్రాన అచ్చు వేసుకునే హక్కు రాదు. పుస్తకం వేసేటప్పుడు అనుమతి అడగాలి, ఈ సినిమా కంపెనీ ఫాక్స్ ఇప్పుడు డిస్నీ చేతిలో ఉంది. ‘అపురూపం’ అనే మాట పదకొండు సార్లు వాడావు. ఒకటి ఉంచాను. మిగతా పదిచోట్లా ఎంతకి కొన్నావో రాయి, చదివేవాడికి ఎక్కువ తెలుస్తుంది.

చివరి పేజీలో ‘మన ప్రాంతానికి దీనితో ఏ సంబంధమూ లేకపోయినా’ అని క్షమాపణ చెప్పుకున్నావు. అది కొట్టేసి ఇది చూడు. బాక్స్‌కైట్ ఇంగ్లండులో మొదట ఎగిరింది 1910 జులైలో. ఆ ఏడాది చివరికే దాన్ని పెట్టెల్లో కట్టి ఓడలో కలకత్తాకి పంపారు. 1911 జనవరిలో ఔరంగాబాద్ దగ్గర గుర్రపు దళాల విన్యాసాల్లో అది ఎగిరింది. పైలట్ ఆన్రీ జుల్లెరో, వెనక కూర్చుని శత్రువు జాడ చూసినవాడు కెప్టెన్ సెఫ్టన్ బ్రాంకర్. ఔరంగాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలోది. ఆర్విల్ న్యూటన్ తెర మీద నడిపిన రకం యంత్రమే, సినిమా కథ జరిగిన కాలానికి కాస్త అటూ ఇటూగా, హైదరాబాద్ సంస్థానం మీద ఎగిరిందన్నమాట. దీన్ని ముగింపులో అలంకారంగా తగిలించకు. ఈ కథకి తగ్గ ఫోటో ఒకటి సంపాదించి, అప్పుడు రాయి.

మీ అన్నయ్య లండన్‌లోనే ఉన్నాడన్నావు కదా. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఓల్డ్ వార్డెన్ అనే ఊళ్లో షటిల్‌వర్త్ కలెక్షన్ ఉంది. సినిమాలో వాడిన బాక్స్‌కైట్, రిజిస్ట్రేషన్ జీ-ఏఎస్‌పీపీ, ఆవ్రో ట్రైప్లేన్‌తో పాటు అక్కడే ఉంది. గాలి లేని సాయంత్రాల్లో ఇప్పటికీ ఎగరేస్తారు. అతన్నొక ఆదివారం పంపించు. ముందు నుంచి సెల్ఫీ వద్దు, వెనక్కి వెళ్లి ఇంజన్ ఫోటో తీయమను, నీ నాలుగో ఫోటోలో కోణం ఎలా ఉందో అలాగే.

నీ పేజీలు పెన్సిలు గీతలతో సహా రేపు పోస్టు చేస్తున్నాను. ఈలోగా నాలుగో ఫోటో వెనకవైపు స్కాన్ పంపు, కాస్త ఎక్కువ రిజల్యూషన్‌లో. మూల చెరిగిన ఊదా రంగు స్టాంపేదో ఉందని రాశావు. ఏ అక్షరాలు మిగిలాయో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు