కిలోన్నర బరువు దించుకోవడానికి 54,000 పెట్టొచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పదహారు షాపులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెలకు 55,000 వస్తుంది. ఇంటి ఖర్చు 32,000. చీటీ, పాప ఫీజు, ఎల్ఐసీ పోను పదివేలు మిగులుతాయి. బ్యాంకులో 1,60,000 ఉంది. ఎక్కువ రోజులు మిర్చి యార్డులో పని, వారానికి రెండు రోజులు విజయవాడ వన్‌టౌన్‌లో. ఇప్పటి ల్యాప్‌టాప్ ఛార్జరుతో కలిపి మూడు కిలోలు, బ్యాటరీ గంట కూడా ఆగదు, భుజం నొప్పి మొదలైంది. తేలికపాటి బిజినెస్ ల్యాప్‌టాప్ ఒకటి 1,12,000 చెబుతున్నారు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. బిజినెస్ ఖర్చు కాబట్టి ట్యాక్సులో తిరిగొస్తుందని షాపతను అన్నాడు. మా తమ్ముడేమో 58,000 పెట్టి మామూలుది కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ షాపతని మాట తేల్చేద్దాం. 1,12,000లో 18 శాతం జీఎస్టీ కింద పోయేది 17,085 రూపాయలు. అది వెనక్కి రావాలంటే మీ పేరున రిజిస్ట్రేషన్ ఉండాలి. సేవలు చేసేవాళ్లకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే అది తప్పనిసరి, మీ రాబడి 6,60,000. పదహారు షాపులకు కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ తిరిగొచ్చే క్రెడిట్టు సరిచూసే మీకు ఈ లెక్క నేను చెప్పాలా? అయినా మన సొంత వస్తువు దగ్గరికొచ్చేసరికి ఎవరి మాటైనా నమ్మబుద్ధవుతుంది. ఇక ఇన్‌కమ్ ట్యాక్స్. పద్దులు రాసి చూపించే వాళ్లకు కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల ఇస్తారు, కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. కానీ కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల కట్టాల్సిన పన్నే లేదు. లేని పన్నులో తగ్గేదేముంది? మీ జేబులోంచి పోయేది అక్షరాలా 1,12,000.

మీ తమ్ముడు చెప్పిన దానికీ దీనికీ తేడా 54,000. ఐదేళ్లు వాడతారనుకుంటే నెలకు 900, నెలకు పాతిక పనిదినాలు వేసుకుంటే రోజుకు 36 రూపాయలు. ఇంట్లో బల్ల మీద పెట్టి పని చేసుకునే మనిషి అడిగితే ఆ 36 కూడా దండగే అనేవాణ్ణి. మీది అలాంటి పని కాదు. స్కూటీ మీద యార్డుకు, బస్సులో బెజవాడకు, ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు నడక. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఇంత చోటు చూసుకుని కూర్చుని అమ్మకాల పట్టీలు కంప్యూటర్లోకి ఎక్కించాలి, అక్కడ ప్లగ్గు దొరకడం ఎంత కష్టమో నేనూ చూశాను. సగం ఎంట్రీలయ్యాక బ్యాటరీ ఆగిపోతే ఆ పని రాత్రి ఇంటికొచ్చి చేయాలి. అది పాప దగ్గర కూర్చునే టైము. అందుకే తేలికపాటిదే కొనండి అంటాను. తమ్ముడి లెక్క తప్పు కాదు, ఆ సంచీ మోసేది అతను కాదు, అంతే.

అయితే షోరూములో చేతికిచ్చినప్పుడు కనిపించే సుగుణాలు కొన్ని, ఇంటికి తెచ్చాక బయటపడే లోపాలు కొన్ని. మీ పనికి మొట్టమొదట తగిలేది నంబర్ ప్యాడ్. పద్నాలుగు అంగుళాల తేలిక మోడళ్లలో కుడిపక్కన అంకెల గడులు దాదాపు ఉండవు. లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాములో రోజుకు రెండు వందల ఓచర్లు కొట్టే వేళ్లకు పై వరసలో అంకెలు వెతుక్కోవడం నరకం. విడిగా చిన్న ప్యాడ్ కొనుక్కోవాలి. రెండోది డీఎస్సీ టోకెన్, అంటే రిటర్నుల మీద డిజిటల్ సంతకం పెట్టేది. పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ టోకెన్‌కు పాత వెడల్పు యూఎస్‌బీ రంధ్రం కావాలి. బాగా సన్నటి వాటిలో కొన్నిటికి టైప్-సీ తప్ప ఇంకేమీ ఉండదు. అప్పుడు ఒక హబ్బు, దాన్ని మర్చిపోయి వెళ్లిన రోజు ఒక సంతకం ఆగిపోవడం. రెండు రకాల రంధ్రాలూ ఉన్నదే తీసుకోండి. మాక్‌బుక్ ఎయిర్ కూడా తేలికే, బ్యాటరీ కూడా బాగా ఆగుతుంది, కానీ టాలీ విండోస్ ప్రోగ్రాము, కాబట్టి మీకు పనికిరాదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ర్యామ్ గురించి. ఈ తేలిక మోడళ్లలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంటుంది. తర్వాత పెంచుకుందాం అనే మాటే లేదు. 2019లో నేను ఆరు వేలు మిగులుతాయని 8 జీబీది కొన్నాను. మూడేళ్లకు పెద్ద ఎక్సెల్ షీటు తెరిస్తే చాలు, బిగుసుకుపోయేది. మెకానిక్ మూత విప్పి, బోర్డుకు అంటుకున్న నల్లటి చిప్పులు చూపించి, చేసేదేం లేదన్నాడు. పదిహేను వేలకు ఇచ్చేశాను. మీరు 16 జీబీకి తగ్గొద్దు, 32 మీకు అక్కర్లేదు. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ చాలా మోడళ్లలో మార్చుకోవచ్చు, 512 జీబీ సరిపోతుంది.

ఎండల సంగతి. మే నెలలో గుంటూరు ఎండ గురించి మీకు చెప్పేదేముంది. సన్నటి దాంట్లో ఫ్యాను చిన్నది, వేడి బయటికి పోయే దారి ఇరుకు, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. లెక్కల పనికి అది పెద్దగా తెలియదు. మిర్చి దుమ్ము మాత్రం ఫ్యానులో చేరుతుంది, సీజన్ అయ్యాక ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి. మిలిటరీ ప్రమాణం అని స్టిక్కరు చూపిస్తారు. కుదుపులకు, దుమ్ముకు, వేడికి ఆ మోడల్‌ను పరీక్షించారని దానర్థం, పగిలితే ఉచితంగా బాగుచేస్తారని కాదు. కింద పడ్డా, టీ ఒలికినా కవరయ్యేది యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా తీసుకుంటేనే. స్కూటీ మీద తిరిగే మీరు అది తీసుకోండి. బిజినెస్ మోడళ్లకు మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ (మన దగ్గరికే వచ్చి బాగుచేసేది) ఇవ్వడం మామూలు, కానీ అదే మోడల్ ఏడాది వారంటీతోనూ అమ్ముతారు. డబ్బు కట్టకముందే సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి.

ఇప్పుడు డబ్బు. ఈఎంఐ నెలకు 9,333. మీకు మిగిలేది పదివేలు. ఒక్క కొట్టువాడు ఒక్క నెల ఫీజు ఆపితే వాయిదా తప్పుతుంది. నో కాస్ట్ అన్నా వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడగండి. 5,000 తగ్గిస్తామన్నారంటే మీరు కట్టబోయే వడ్డీ అదే, ఏడాదికి ఎనిమిది తొమ్మిది శాతం మధ్య పడుతుంది. అలాగని 1,60,000లోంచి మొత్తం తీస్తే మిగిలేది 48,000, నెలన్నర ఇంటి ఖర్చు. జీతం లేని మనిషి చేతిలో అంత తక్కువ ఉండటానికి నేను ఒప్పుకోను. చీటీ పాడే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, అది పాప చదువుకు ఉండనివ్వండి.

పాత దానికి ముందు కొత్త బ్యాటరీ వేయించండి. నాలుగు నెలలు ఆ పదివేలు ఆర్‌డీలో వేయండి. ఆ 40,000కి సేవింగ్స్ నుంచి 45,000 కలిపితే 85,000. ఆ డబ్బులో గత ఏడాది బిజినెస్ మోడల్ వెతకండి, తేడా మీ పనిలో కనపడదు. బ్యాంకులో 1,15,000 మిగులుతుంది, మూడున్నర నెలల ఖర్చు. ఆ తర్వాత మళ్లీ నెలనెలా పదివేలు వేస్తూ ఆరు నెలల ఖర్చు, అంటే 1,92,000 అయ్యేదాకా పోగు చేయండి.

కొనడానికి వెళ్లే రోజు 11నో 20నో, అంటే రిటర్నుల గడువు రోజు, కాకుండా చూసుకోండి. మీ సంచీ, టోకెన్, ఒక క్లయింటు టాలీ డేటా వెంట తీసుకెళ్లండి. ఛార్జరుతో సహా సంచీలో పెట్టి భుజానికి తగిలించుకోండి. అక్కడే టోకెన్ గుచ్చి, ఓచర్లు పది కొట్టి చూడండి. ఒప్పుకోని షాపులో కొనకండి.