డోపింగ్ పెంచే ముందు మందం కొలువు

చిరంజీవికి ఆశీస్సులు.

అల్యూమినియం కలిపాక, వెలుతురును దాటనిస్తూనే కరెంటు మోయాల్సిన నీ జింక్ ఆక్సైడ్ ఫిల్ము షీట్ రెసిస్టెన్స్ (ఫిల్ము వెంబడి పారే కరెంటుకు ఎదురయ్యే నిరోధం) సగానికి పడిందని రాశావు. సంతోషం. డోపింగ్, అంటే ఈ అల్యూమినియం కలపడం, ఇంకా పెంచాలన్న తొందర మాత్రం కాస్త ఆపుకో. ముందు ఆ ఫిల్ముల మందం కొలువు. మందం రెట్టింపైతే షీట్ రెసిస్టెన్స్ దానంతటదే సగమవుతుంది, అందులో డోపింగ్ చేసిందేమీ ఉండదు. 200 నానోమీటర్ల ఫిల్ములో 10 ఓమ్స్ పర్ స్క్వేర్ వస్తే రెసిస్టివిటీ (మందంతో పనిలేని, పదార్థం సొంత నిరోధం) 2×10⁻⁴ ఓమ్ సెంటీమీటర్, అంటే మంచి ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక కండక్టర్) స్థాయి. అదే 10 ఓమ్స్ ఒక మైక్రాన్ ఫిల్ములో వస్తే రెసిస్టివిటీ ఐదు రెట్లు ఎక్కువ. ఫిల్ము వేసేటప్పుడే గాజు మీద ఒక మూల కప్పి ఉంచితే, అక్కడ ఏర్పడే మెట్టు దగ్గర మందం కొలుచుకోవచ్చు. నాలుగు సూదులతో షీట్ రెసిస్టెన్స్ కొలిచే ఫోర్ ప్రోబ్ లెక్కలో, వోల్టేజీని కరెంటుతో భాగించి 4.53తో గుణించడం కూడా ప్రోబుల మధ్య దూరం కంటే శాంపిల్ చాలా పెద్దదైతేనే చెల్లుతుంది. చిన్న ముక్కకి కరెక్షన్ వెయ్యాల్సిందే.

ఆ తర్వాత హాల్ మెజర్‌మెంట్, అంటే ఫిల్మును అయస్కాంత క్షేత్రంలో పెట్టి క్యారియర్లను లెక్కగట్టడం. ఇది తప్పించుకోకమ్మా. కండక్టివిటీ పెరిగిందంటే క్యారియర్లు (కరెంటు మోసే ఎలక్ట్రాన్లు) పెరిగాయా, మొబిలిటీ (అవి కదిలే సులువు) పెరిగిందా అన్నది విడివిడిగా తెలియాలి. ఈ రెండూ ఒకటి కాదు. జింక్ స్థానంలో కూర్చున్న ప్రతి అల్యూమినియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, కానీ తాను అయానై మిగిలి, వెళ్లే ఎలక్ట్రాన్లకు అడ్డు తగులుతుంది. మోతాదు మించితే అది జింక్ స్థానంలోకి వెళ్లకుండా గ్రెయిన్ బౌండరీల (ఫిల్ములోని చిన్న స్ఫటికాల సరిహద్దుల) దగ్గర ఆక్సైడుగా పేరుకుంటుంది. అప్పుడు ఎలక్ట్రాన్లూ రావు, మొబిలిటీ కూడా పోతుంది. పైగా క్యారియర్లు ఘన సెంటీమీటరుకు 10²¹ దరిదాపులకు చేరేకొద్దీ, ఫిల్ము వెలుతురును వెనక్కి కొట్టడం మొదలయ్యే ప్లాస్మా అంచు ఇన్‌ఫ్రారెడ్ నుంచి విజిబుల్ వైపు జరుగుతుంది, పారదర్శకత దెబ్బతింటుంది. అందుకే నా ఓటు ఎప్పుడూ మొబిలిటీకే. అది పెరిగితే వెలుతురును పోగొట్టుకోకుండానే కరెంటు దక్కుతుంది.

ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు దాటుతుందో చూపే స్పెక్ట్రమ్ 800 నానోమీటర్ల దగ్గర ఆపెయ్యకు, 2500 వరకూ తియ్యి. రిఫ్లెక్టెన్స్ (తిరిగొచ్చే వెలుతురు) కూడా కావాలి. విజిబుల్‌లో కనిపించే ఎత్తుపల్లాలు చాలావరకు ఫిల్ము పై, కింది తలాల నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసే ఇంటర్‌ఫెరెన్స్ వల్ల వచ్చేవే, వాటిని అబ్సార్ప్షన్ (ఫిల్ము మింగిన వెలుతురు) అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రానును కండక్షన్ బ్యాండ్‌లోకి ఎక్కించడానికి కావాల్సిన శక్తి) 3.3 నుంచి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకు జరిగితే కంగారుపడకు. కండక్షన్ బ్యాండ్ అడుగు ఎలక్ట్రాన్లతో నిండిపోవడంతో అబ్సార్ప్షన్ మొదలయ్యే అంచు పైకి జరిగింది, అదే బర్‌స్టీన్-మాస్ షిఫ్ట్. హాల్ మెజర్‌మెంట్‌లో క్యారియర్లు బాగా పెరిగి, అంచు మాత్రం కదలకపోతే రెండు కొలతలూ మళ్లీ చూడు. మామూలు గాజు 300 నానోమీటర్ల దగ్గరే అడ్డుపడుతుంది కాబట్టి అంచు కోసం ఒక ఫిల్ము క్వార్ట్జ్ మీద వెయ్యి.

ఫిల్ములను పోల్చడానికి 1976లో హాకే ఇచ్చిన సూత్రం వాడు: ట్రాన్స్‌మిటెన్స్ (దాటే వెలుతురు భాగం) పదో ఘాతాన్ని షీట్ రెసిస్టెన్స్‌తో భాగించడం. 0.9 పదో ఘాతం 0.35, 0.8కి అయితే 0.11 మాత్రమే. పది శాతం వెలుతురు పోతే షీట్ రెసిస్టెన్స్ మూడో వంతుకు తగ్గినా ఆ నష్టం పూర్తిగా పూడదు.

డోపింగ్ లేని ఫిల్మును కూడా అదే బ్యాచ్‌లో వెయ్యి. మందం, హాల్, స్పెక్ట్రమ్ మూడూ ఒకే ముక్క మీద తీసి నాకు పంపు. డోపింగ్ పెంచాలో, సబ్‌స్ట్రేట్ (ఫిల్ము వేసే గాజు) టెంపరేచర్ మార్చాలో అవి చూశాక చెప్తాను.

మామయ్య