రెండో ఫోటో అడగండి

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తాను. సెకండియర్ పిల్లలను వేయి స్తంభాల గుడికి తీసుకెళ్లి, ఫోన్లతో ఫోటోలు తీసి అసైన్‌మెంట్ ఇవ్వమన్నాను. నలభై మందిలో ముప్పై మంది నంది పక్కన సెల్ఫీలు పంపారు. మా ప్రిన్సిపాల్ గారు 'ఇది పాఠమా, పిక్నికా?' అన్నారు. ఫోటోలతో నిజంగా ఏమైనా నేర్పగలమా?
- ఒక లెక్చరర్, హనుమకొండ

జవాబు: సెల్ఫీల గురించి బాధపడకండి సార్. ఆ నంది దగ్గర ఫోటో దిగనివాళ్లు మన ఊళ్లో ఎవరున్నారు? నా దగ్గరా ఒకటుంది, బ్లాక్ అండ్ వైట్‌ది. 'ఫోటోలు తీయండి' అని వదిలేస్తే పిల్లలు తమకు అలవాటైన ఫోటోనే తీస్తారు. ఏదో ఒకటి తేల్చుకోవడానికి తీయమనాలి.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. 2008లో మా మరిది దగ్గర డిజిటల్ కెమెరా అడుక్కొచ్చి, ముప్పై మందిని వరంగల్ కోటకు తీసుకెళ్లాను. రీలు ఖర్చు లేదు కదా అని 212 ఫోటోలు తీశాం. మర్నాడు క్లాసులో కంప్యూటర్ మీద చూస్తుంటే ఒకమ్మాయి లేచి, 'మేడమ్, ఇది ఏ దిక్కు తోరణం?' అంది. ఒక్కరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాలుగు దిక్కులా నిలబడ్డ ఆ నాలుగు రాతి ద్వారాలూ, అదే కీర్తి తోరణాలూ, ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. నీడ ఎటు పడిందో చూసి చెబుదామంటే, పొద్దున తీసిందో సాయంత్రం తీసిందో తెలియాలి. బ్యాటరీలు మార్చినప్పుడు కెమెరాలో తేదీ, టైమ్ మొదటికి పోయాయట, ఎవరూ చూసుకోలేదు. కెమెరా లెక్కన మేం కోట చూసింది అర్ధరాత్రి!

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాం. ఈసారి ప్రతి తోరణం దగ్గర మొదటి ఫోటో ఒక కాగితం ముక్కది. దాని మీద దిక్కు, టైమ్. ఆ రోజు తీసినవి నలభై కూడా లేవు కానీ, 'పొద్దున్నే వచ్చాం కాబట్టి నీడ పడమటికి పడాలి' అని పిల్లలే మాట్లాడుకున్నారు. అప్పటి నుంచి ఏ అసైన్‌మెంట్ ఇచ్చినా రెండు ఫోటోలు అడిగేదాన్ని. మొదటిది వాళ్ల ఇష్టం. దాన్ని ముందు పెట్టుకుని, ఇందులో ఏం తెలియడం లేదో రాయాలి. అది తెలిసేలా తీసింది రెండో ఫోటో.

రామప్ప గుడిలో ఒకబ్బాయి చూరు కింది మదనికను, అంటే అక్కడి స్త్రీ శిల్పాన్ని, ఫోటో తీసి, 'కాకతీయ శిల్పులు కాళ్లు పొడుగ్గా, తల చిన్నగా చెక్కేవారు' అని రాశాడు. చక్కని వాక్యమే, కానీ తప్పు. బొమ్మ పైన ఎక్కడో ఉంటే, వీడు సరిగ్గా దాని కిందికి పోయి ఫోన్ పైకెత్తి తీశాడు. దగ్గరున్న కాళ్లు పెద్దగా, దూరంగా ఉన్న తల చిన్నగా పడ్డాయి. వెనక్కి నడిచి, జూమ్ చేసి తీయమన్నాను. కాళ్లు మామూలైపోయాయి. 'మరి నేను రాసింది కొట్టేయాలా మేడమ్?' అన్నాడు. కొట్టేయొద్దు, రెండూ పక్కపక్కన అంటించమన్నాను. 1213 నాటి గుడి అని పరీక్షలో రాసే పిల్లలు బోలెడుమంది. ఫోటో కూడా అబద్ధం చెబుతుందని రాసింది వాడొక్కడే.

మీకు బస్సు ఖర్చు కూడా అక్కర్లేదు. వేయి స్తంభాల గుడిలోనే కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 నాటి సంస్కృత శాసనం ఉంది. అలాంటి రాతిని మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్క నుంచి వాలినప్పుడు తీయించండి. నీడపట్టున ఉంటే ఒకరు ఫోన్ టార్చ్‌ను రాతికి ఓ పక్కన, దాదాపు ఆనించినట్టు పట్టుకోవాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి తీయాలి. గాట్లలో నీడ నిండి అక్షరం లేచి నిలబడుతుంది. సుద్ద, పిండి రుద్దే పాత అలవాటు మాత్రం వద్దు, రాయి పాడవుతుంది. చిన్న చెక్కడాలైతే పక్కన పది రూపాయల బిళ్ల పట్టుకుని తీయమనండి. అడ్డంగా 27 మిల్లీమీటర్లుంటుంది, కొలత దొరుకుతుంది.

మార్కులు? నేనైతే పదికి ఫోటోకు రెండు, రాతకు ఎనిమిది వేస్తాను. ఖరీదైన ఫోనున్న పిల్లవాడికి అదనంగా ఒక్క మార్కు కూడా రాకూడదు. ముగ్గురికి ఒక ఫోన్ చాలు, ఫోన్ లేని పిల్లకు చిన్నతనం ఉండదు. ఇక ప్రిన్సిపాల్ గారితో వాదన ఎందుకు? రెండు ఫోటోలున్న అసైన్‌మెంట్ ఒకటి ఆయన టేబుల్ మీద పెట్టి రండి.

ప్రశ్న: మేడమ్, ఫీల్డ్ వర్క్ ఫోటోలు వాట్సాప్‌లో పంపితే, తీసిన టైమ్ కనబడట్లేదని మా సార్ ఒప్పుకోవట్లేదు. నిజంగా అక్కడే తీశాను.
- పీజీ విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: నిన్ను నమ్ముతున్నానమ్మా. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది సైజు తగ్గించి, తీసిన టైమ్, చోటు వివరాలను తీసేస్తుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపు, ఉన్నదున్నట్టు వెళ్తుంది. అయితే లొకేషన్ ఆన్‌లో ఉంటే హాస్టల్ గదిలో తీసిన ఫోటోలోనూ ఆ చోటు నమోదవుతుంది. ఫీల్డ్ నుంచి రాగానే ఆఫ్ చేసుకో.