అమ్మగారి ప్రయాణం 12 గంటలు కాదండీ, దాదాపు 23

జూన్‌లో అమ్మగారు తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్ మీదుగా అదే రోజు సాయంత్రం 4:45కి డల్లాస్‌లో దిగుతారని టికెట్లో ఉందన్నారు. పన్నెండున్నర గంటలేనా అని అడిగారు. ఆ రెండూ ఏ ఊరి టైము ఆ ఊరిదండీ. వేసవిలో డల్లాస్ మనకంటే 10:30 గంటలు వెనక. అది కలిపితే 22 గంటల 55 నిమిషాలు. చలికాలమైతే తేడా 11:30.

దూరం చూస్తే హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి డల్లాస్ సుమారు 12,900, పదహారు గంటలు. మ్యాప్‌లో గీత గీసి కొలవకండి, భూమి గుండ్రం కాబట్టి విమానం ఉత్తరంగా వంగి వెళ్తుంది.

అసలు అలసట విజయవాడలోనే మొదలవుతుంది. శంషాబాద్‌కి కారులో ఐదు గంటలు, మూడు గంటల ముందు చేరాలి. అంటే ముందురోజు రాత్రి 8 లోపే బెంజ్ సర్కిల్ దాటాలి. మోకాళ్ల నొప్పులన్నారు కదా, వీల్‌చైర్ ఇప్పుడే అడగండి. బీపీ మాత్రలు చేతి సంచిలోనే పెట్టండి. మా అమ్మ చేతి గడియారం మన టైములోనే ఉంచాం, మాత్రల వేళ తప్పలేదు.