ఇన్సులిన్ ఇస్తే ఎలుక మెదడులో కెటలేజ్ పెరగాలా, తగ్గాలా?

స్ట్రెప్టోజోటోసిన్ (ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపి డయాబెటిస్ తెప్పించే మందు) ఇచ్చిన ఎలుకలకు ఇన్సులిన్ పెడితే మెదడులో ఎస్‌ఓడీ, కెటలేజ్ (రెండూ హానికర ఆక్సిజన్ రూపాలను విరిచే ఎంజైములు) పెరగాలి కదా, తగ్గాయేంటి అని అడిగారు. పెరిగి తీరాలనేమీ లేదండి. డయాబెటిస్‌లో ఈ ఎంజైములు కొన్ని పేపర్లలో పడిపోతాయి, కొన్నింట్లో ఒత్తిడిని తట్టుకోడానికి పెరుగుతాయి. ఎన్ని వారాలైంది, మెదడులో ఏ భాగం తీశారు అన్నవి చూడాలి. పెరిగి ఉన్నవి ఇన్సులిన్‌తో దిగితే అది మెరుగే. పైగా ఇన్సులిన్ సంకేతం ఆక్ట్ అనే ఎంజైము ద్వారా ఫాక్సో అనే ప్రోటీనును కేంద్రకంలోంచి బయటికి పంపేస్తుంది. కెటలేజ్, మాంగనీస్ ఎస్‌ఓడీ జన్యువులను నడిపే వాటిలో ఫాక్సో ఒకటి. అదే ఆక్ట్ జీఎస్‌కే-3 బీటా అనే ఎంజైమును అణచి ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే, రక్షక జన్యువులను నడిపే ప్రోటీనుకు దారి వదులుతుంది, దాంతో గ్లూటాథయోన్ (జీఎస్‌హెచ్, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం) తయారీ పుంజుకుంటుంది. కాబట్టి ఎండీఏ (కొవ్వు ఆక్సీకరణ చెందితే మిగిలే పదార్థం), జీఎస్‌హెచ్ కలిపి చూడకుండా కెటలేజ్ ఒక్కదాని మీద తీర్పు చెప్పకండి.

అంతకన్నా ముందు రక్తాన్ని అనుమానించండి. మెదడులో కెటలేజ్ సహజంగానే తక్కువ, ఎర్ర రక్తకణాల్లో బోలెడు. గుండెలోంచి చల్లటి సెలైన్ ఎక్కించి, బయటికొచ్చే ద్రవం తేటపడేదాకా కడగకపోతే మీ రీడింగులో సగం రక్తానిదే కావచ్చు. మెదడును నూరగా వచ్చిన ద్రవం, అంటే మిగిలిన హోమోజెనేట్‌ను 415 నానోమీటర్ల దగ్గర చూడండి, హీమోగ్లోబిన్ ఉంటే అక్కడ బయటపడుతుంది. కెటలేజ్ పెరాక్సిసోములనే కణంలోని చిన్న సంచుల్లో ఉంటుంది గనక పొరలను విడదీసే ట్రైటాన్ ఎక్స్-100 వేయకపోతే కొంత లోపలే ఉండిపోతుంది.

ఎండీఏకి సుక్రోజ్ బఫర్ వాడొద్దు, ఎండీఏతో రంగు ఇచ్చే టీబీఏ అనే రసాయనంతో సుక్రోజూ రంగు ఇస్తుంది. వేడి చేసేముందు ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ కలపండి, లేకపోతే గొట్టంలోనే కొవ్వు ఆక్సీకరణ చెంది 532 నానోమీటర్ల దగ్గర విలువ ఉబ్బుతుంది. సోడియం-పొటాషియం ఏటీపేజ్ (ఏటీపీని విరిచి ఫాస్ఫేట్ వదిలే ఎంజైము) కూడా కొలుస్తుంటే ఫాస్ఫేట్ బఫర్ అసలు ముట్టొద్దు. మీరు కొలిచేదే ఫాస్ఫేట్ కదా! ట్రిస్‌లో చేసి, ఆ ఎంజైమును ఆపే ఊబైన్ 1 మిల్లీమోలార్ ఉన్న గొట్టానికీ లేని దానికీ తేడా తీయండి.

డిజైన్‌లో ఒక లోటుంది. రక్తంలో షుగర్ తగ్గడం వల్ల వచ్చిన మార్పేది, ఇన్సులిన్ నేరుగా చేసిందేది? మామూలు, డయాబెటిక్, ఇన్సులిన్ ఇచ్చిన డయాబెటిక్ అనే మీ మూడు గ్రూపులతో తేలదు. ఇన్సులిన్ లేకుండా మూత్రం ద్వారా గ్లూకోజ్ దించే ఫ్లోరిజిన్ అనే మందు గ్రూపు ఒకటి పెట్టండి. స్ట్రెప్టోజోటోసిన్‌ను నేరుగా మెదడు కుహరంలోకి ఎక్కించిన పేపర్లతో మాత్రం పోల్చకండి, అందులో రక్తంలో షుగర్ పెద్దగా పెరగదు.

చివరి ఇన్సులిన్ డోసుకీ మెదడు తీసిన వేళకీ మధ్య ఎంతసేపుందో, అప్పటి గ్లూకోజ్ ఎంతో రాసి ఉంచండి. డెసీలీటరుకు 70 మి.గ్రా. కన్నా కింద ఉన్న ఎలుకలను వేరుగా లెక్కించాలి. తీవ్రమైన హైపోగ్లైసీమియా (షుగర్ బాగా పడిపోవడం) తర్వాత గ్లూకోజ్ తిరిగి అందినప్పుడు ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము హానికర ఆక్సిజన్ రూపమైన సూపరాక్సైడ్‌ను గుప్పిస్తుంది, ఆ ఎండీఏ డయాబెటిస్ ఖాతాలో పడిపోతుంది.